ఫోన్ గెలిచింది సరే, ఫోన్ లేని రైతు సంగతేంది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో చేతి ఆర్గనైజర్లకు (పేర్లు, నంబర్లు, లెక్కలు రాసుకునే చిన్న పరికరాలు), స్మార్ట్ ఫోన్లకు మధ్య నడిచిన పోటీ మీద వ్యాసం చదివాను. వివరంగా రాశారు. కానీ చివర్లో ఫోన్ గెలిచి అందరి చేతుల్లోకి వచ్చేసిందన్నట్టు ముగించారు, అక్కడ మాత్రం నాకు మనసొప్పలేదు. అందరి చేతుల్లోకీ రాలేదండీ. నేను దాదాపు ముప్పై ఏండ్లు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసినవాణ్ణి, ఈ రెండు రకాల వస్తువులతోనూ పనిచేశాను కాబట్టి రాస్తున్నాను.

1997లో మా సేటు హైదరాబాద్ పోయి అలాంటి ఆర్గనైజరే, ఒక డిజిటల్ డైరీ కొనుక్కొచ్చాడు. మూత తెరిస్తే పైన రెండు వేళ్ళంత తెర, కింద పెసరగింజలంత బటన్లు. రైతుల పేర్లు, ఊర్లు, కాంటా అయిన బస్తాలు, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ దాంట్లోకి ఎక్కించే పని నాది. తెలుగు లేదు, అంతా ఇంగ్లిష్ అక్షరాలే. మా ఖాతాల్లో మల్లయ్యలే పదకొండు మంది, అందుకని ముందు ఊరి పేరు కొట్టి తర్వాత మనిషి పేరు కొట్టేవాణ్ణి, పరకాల మల్లయ్య, నర్సంపేట మల్లయ్య, ఆత్మకూరు మల్లయ్య అని. ఒకరోజు బ్యాటరీ అయిపోయిందని తెలియక లోపలి గుండీ సెల్లు రెండూ ఒకేసారి తీశాను, కొత్తవి వేసి చూసేసరికి మూడు వందల పేర్లూ లేవు, తెర మీద ఒక గీత మాత్రం మిణుకుమిణుకుమంటోంది. తక్‌పట్టీల (అమ్మకం రసీదుల) కట్టలు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ ఎక్కించాను. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా కాగితం చిట్టా మానలేదు.

మీ వ్యాసంలో రాని ముచ్చట ఒకటుంది. మా దగ్గర డిజిటల్ డైరీని పక్కన పెట్టించింది స్మార్ట్ ఫోన్ కాదు, మామూలు బటన్ల ఫోన్. 2003 మే నుంచి వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పని లేకుండా పోయింది, అదే ఏడాది నోకియా 1100 వచ్చింది, దుమ్ములో తట్టుకునే కీప్యాడ్, తలమీద టార్చి. యార్డులో మిర్చి ఘాటు మధ్య, తెల్లవారకముందే లారీ దింపే చోట దానికి మించిన వస్తువు లేదు. నంబర్లు సిమ్‌లో ఉంటాయి, ఫోన్ పగిలినా సిమ్ తీసి ఇంకోదాంట్లో వేస్తే మళ్ళీ వస్తాయి. రెండు రాత్రులు కూర్చుని పేర్లు ఎక్కించినవాడికి అదెంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు. సేటు డైరీ ఆ ఏడాదే గల్లాపెట్టె కింది అరలోకి పోయింది.

బయట దేశాల్లో కథ వేరుగా నడిచింది. అమెరికాలో చేతి ఆర్గనైజర్లు చేసే పామ్ కంపెనీ పెట్టిన జెఫ్ హాకిన్స్ వస్తువు తయారు కాకముందే అదే సైజులో చెక్క ముక్క కోసి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడట, మీటింగుల్లో దాన్నే తీసి రాసుకుంటున్నట్టు చేసి చూసుకునేవాడట. 1996లో పామ్ పైలట్ వచ్చింది, రెండు చిన్న సెల్లు వేస్తే వారాల తరబడి నడిచేది, నెట్ అక్కర్లేదు, మన రాతలు మన కంప్యూటర్లోకి దించుకోవచ్చు. ఇది నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. కానీ చొక్కాకు జేబు ఒక్కటే కదా. ఒక వస్తువులో మాట్లాడొచ్చు, ఇంకోదాంట్లో రాసుకోవచ్చు అంటే జనం మాట్లాడేదాన్నే ఉంచుకుంటారు, రాసుకోవడం కూడా దాంట్లోనే కావాలంటారు. ఆ సంగతి హాకిన్స్‌కూ అర్థమైంది, పామ్ వదిలి తను పెట్టిన హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీ నుంచి 2002లో ట్రియో పేరుతో ఫోన్ కలిపి తెచ్చాడు. 2007లో ఐఫోన్, మరుసటి ఏడు ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చాయి. 2010లో హెచ్‌పీ ఆ పామ్ కంపెనీని 120 కోట్ల డాలర్లకు కొని, 2011లోనే ఆ కంపెనీ ఫోన్లు ఆపేసింది.

నేను అసలు చెప్పాలనుకున్నది మన సింప్యూటర్ గురించి. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారత విజ్ఞాన సంస్థ) ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజినీర్లు కలిసి చేసిన చేతి కంప్యూటర్ అది. 2001లో చూపించారు, తొమ్మిది వేల రూపాయల్లో ఇవ్వాలనుకున్నారు. దాంట్లో రెండు ఆలోచనలు నాకు చాలా నచ్చాయి. ఊరంతటికీ ఒక్క పరికరం ఉంటే చాలు, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్ళు దాంట్లో పెట్టుకుంటే ఎవరి వివరాలు వాళ్ళకొస్తాయి. రెండోది, తెర మీది అక్షరాలను మన భాషల్లో చదివి వినిపిస్తుంది, చదువు రాని మనిషి కూడా వాడుకోవచ్చు. 2004లో అమ్మకానికి వచ్చింది, కొన్ని వేల పరికరాలు మాత్రమే అమ్ముడుపోయాయి, అప్పటికే సెల్‌ఫోన్ల ధరలు దిగిపోతున్నాయి. వస్తువు ఓడిపోయింది, నేను కాదనను. కానీ మనిషికొక పరికరం కొనలేని చోట ఊరికొకటి పెడదామన్న ఆలోచనను కూడా దాంతోపాటు ఎందుకు పారేశాం?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, ఇప్పుడు ప్రభుత్వ సంస్థ సీసీఐకి మద్దతు ధరకు పత్తి అమ్ముకోవాలంటే ముందు స్మార్ట్ ఫోన్‌లో యాప్ తెరవాలి, పేరు నమోదు కావాలి, స్లాట్ (సరుకు తెచ్చుకోవాల్సిన రోజు, వేళ) దొరకాలి. పోయిన సీజన్లో మా ఇంటి పక్కన ఉండే పెద్దాయన, డెబ్బై దాటినవాడు, బటన్ల ఫోన్ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. నా ఫోన్లో ఆయన వివరాలు కొట్టాను, ఓటీపీ మాత్రం పట్టా పాసుపుస్తకానికి ఇచ్చిన నంబరుకు పోయింది, అది హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్న కొడుకు నంబరు. డ్యూటీలో ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరట. సాయంత్రం కొడుకు చూసుకుని ఆ ఓటీపీ చెప్పేసరికి దాని టైం అయిపోయింది. మళ్ళీ మరునాడు, ఆ మరునాడు. నాలుగో రోజు స్లాట్ దొరికింది, ఈలోపు ఇంటి ముందు కుప్ప పోసిన పత్తి మీద మంచు పడి తేమ ఎక్కింది, అమ్మేచోట తేమ మిషన్ పెట్టి చూసి వెనక్కి పొమ్మన్నారు. ట్రాలీ కిరాయి రెండు సార్లు పడింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, గడప మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, అంతే. నాకైతే ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆయనకు ఫోన్ కొనుక్కోమని చెప్పేవాళ్ళున్నారు. కొన్నా ఆ కళ్ళతో ఏం చదువుతాడు, ఏ బటన్ నొక్కుతాడు, ప్రతి ఆరు నెలలకూ మారిపోయే యాప్‌ను ఎవరు నేర్పుతారు? యాప్ వద్దని నేననడం లేదు, దళారుల బెడద తగ్గాలంటే లెక్క కంప్యూటర్లో ఉండటమే మంచిది, ముప్పై ఏండ్లు చిట్టా రాసినవాణ్ణి ఆ మాత్రం తెలుసు. యాప్ ఒక్కటే దారిగా పెట్టొద్దంటున్నాను.

మన ఊర్లలో రైతుల సమావేశాలకని కట్టిన రైతు వేదికలు ఉన్నాయి, చాలా చోట్ల కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి. ఒక్కో వేదికలో తెలుగులో చదివి వినిపించే పరికరం ఒకటి పెట్టండి. పాసుపుస్తకం చూపించి వేలిముద్ర వేస్తే చాలు, ఓటీపీ లేకుండా స్లాట్ ఇవ్వండి. రేషన్ షాపులో వేలిముద్రతో బియ్యం ఇస్తున్నప్పుడు ఇదెందుకు కాదు? స్లాట్ చీటీ కాగితం మీద ముద్రించి చేతికివ్వండి. వ్యవసాయ విస్తరణాధికారి ఉండే రోజులు, వేళలు గోడ మీద రాయించండి. పత్తి ఏరడం మొదలయ్యేది దసరా చుట్టుపక్కలే, ఆలోపు మన జిల్లాలో రెండు మూడు మండలాల్లోనైనా పెట్టి చూడమని వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మా వాడకట్టులో ఆ పెద్దాయన లాంటివాళ్ళు ఇంకో ఆరుగురున్నారు, కావాలంటే అధికారుల దగ్గరకు నేనే వెంటబెట్టుకుని వస్తాను.

- ఒక రిటైర్డ్ గుమాస్తా,
ఎనుమాముల, వరంగల్