సుగ్గికి పోయే మా పిల్లలు మీ లెక్కల్లో ఉన్నారా?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి,

అమ్మా, నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచరును. మన దేశం ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిందని 2025లో ఢిల్లీ పెద్దలు చెప్పారు. సంతోషం. తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారని నీతి ఆయోగ్ అంతకుముందే చెప్పింది. అదీ సంతోషమే. కానీ అదే నీతి ఆయోగ్ 2023 నివేదికలో, ఆంధ్రప్రదేశ్ మొత్తానికి పేదలు 6.06 శాతమే అని రాసిన చోటే, రాష్ట్రంలో అందరికంటే పేద జిల్లా కర్నూలు అని కూడా ఉంది. అయినా వెనకబడ్డాయని ప్రత్యేకంగా చూడటానికి 2018లో మీరు ఏరిన ఆకాంక్ష జిల్లాల్లో మా పేరు లేదు. కడప ఉంది, విశాఖ, విజయనగరం ఉన్నాయి. వాళ్ల మీద మాకు కుళ్లు లేదు. వెనకబడ్డ జాబితాలోకి ఎక్కడానికి కూడా సిఫారసు కావాలేమో అనుకున్నాం.

దీపావళి దాటగానే కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం వైపు సుగ్గి, అంటే కూలి పనులకు వలస, మొదలవుతుంది. ముందు పత్తి తీతకు, తర్వాత మిరప కోతలకు గుంటూరు, పల్నాడు దారి పడతారు. చీకటి పడ్డాక బొలెరో వస్తుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు, రామంటే కుదరదు. బియ్యం మూటలు, జొన్నపిండి డబ్బా, దుప్పట్లు, కోళ్ల గంప అన్నీ ఎక్కించాక మిగిలిన సందులో పిల్లలు. ఈసారి ఐదో తరగతి పిల్ల ఒకతి చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని బడి బ్యాగు కూడా బండెక్కించింది. వాళ్లమ్మ దించేసింది. "ఆడ సదివేదెప్పుడే, పిల్లోన్ని చూసుకునేదానికి గదా నువ్వొచ్చేది" అంది. ఆ తల్లిని తప్పు పట్టలేను. ఆమె కోతకు దిగితే గట్టు మీద చంటివాణ్ని చూసేదెవరు? ఊళ్లో వదిలేసి పోదామంటే ఇంట్లో మిగిలేది కళ్లు కనపడని అవ్వ.

అమ్మానాన్నలు వలస పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా, ఇలాంటి పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లు. ఆ పథకం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, కాగితం మీద అంతకంటే మంచి పథకం లేదు. కానీ పిల్లలు పోయేది కార్తీకంలో, మా దగ్గర హాస్టల్ తెరిచేది వాళ్లు పోయాక. అప్పుడు సార్లు వచ్చి పిల్లల్ని లెక్కపెడతారు. "ఇంత తక్కువ మందికి హాస్టల్ ఎందుకు?" అంటారు. ఉన్నవాళ్లను లెక్కపెట్టి, లేనివాళ్లకు అవసరం లేదని తేల్చే ఈ గణితం నా సర్వీసులో నేనెప్పుడూ చెప్పలేదు. ఒక ఏడాది తెరిచారు కూడా. బడి గదిలోనే పడక, రాత్రి లైటు లేదు, ఆడపిల్లలకు తోడు ఆయమ్మ లేదు. వారం తిరక్కుండానే ఒక్కొక్కరూ జారుకున్నారు.

అర్జీలు పెట్టాం. పెట్టిన ప్రతిసారీ ఫోనుకు మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఎవరు పరిష్కరించారో, ఎక్కడ పరిష్కరించారో తెలీదు. గట్టిగా అడిగితే "పైనుంచి బడ్జెట్ రాలేదు" అంటారు. ఈ హాస్టళ్లకు డబ్బులొచ్చే సమగ్ర శిక్ష పథకంలో 60 పాళ్లు కేంద్రానివి, 40 రాష్ట్రానివి. పైన అంటే ఎవరో మాకూ తెలుసు కాబట్టే ఈ లేఖ మీకు.

ఊళ్లోనే ఉపాధి హామీ పని ఉంది కదా అంటారేమో. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మా పక్క జిల్లా అనంతపురంలో, బండ్లపల్లిలోనే మొదలైంది. 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. కొలతలు వేశాక చేతికొచ్చేది అంతకంటే తక్కువ, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని టెన్షన్. మిరప తోటలో ఆలుమగలు ఇద్దరూ కోస్తే వారానికోసారి డబ్బు కళ్లచూస్తారు. ఎవరు మాత్రం ఆగుతారు?

తుంగభద్ర మా పక్కనుంచే పోతుంది. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కుడి కాలువకు, కృష్ణా నీళ్లు పంచే బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2013లోనే 4 టీఎంసీలు రాసింది. ఆ కాలువ ఇంకా పూర్తి కాలేదు, వేదవతి ఎత్తిపోతలదీ అదే కథ. నీళ్లొస్తే సగం సుగ్గి ఆగుతుంది. ఇది చెప్పడానికి ఏ కమిటీ అక్కర్లేదు.

విభజన చట్టం పేరు చెప్పి ఏడు వెనకబడిన జిల్లాలకు ఏడాదికి 50 కోట్ల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో 350 కోట్లు ఖాతాలో వేసి మళ్లీ వెనక్కి లాక్కున్నారు. అప్పుడు మీరు ఆర్థిక మంత్రి కారు, నిజమే. కానీ 2024 జూలై బడ్జెట్‌లో రాయలసీమకు, ప్రకాశానికి, ఉత్తరాంధ్రకు ఆ గ్రాంట్లు ఇస్తామన్నది మీరే. అందులో మా మండలాలకు ఎంత, దేనికి అన్నది ఇక్కడ మాకు చెప్పిన నాథుడు లేడు. ఓర్వకల్లుకు పరిశ్రమలన్నారు. 2025 అక్టోబరు 16న ప్రధాని గారే వచ్చి శంకుస్థాపన చేశారు. కోసిగి నుంచి ఓర్వకల్లు వంద కిలోమీటర్ల పైమాటే. దూరం సంగతి సరే, ఐదో తరగతిలో బడి ఆగిపోయిన పిల్లకు అక్కడ ఏం ఉద్యోగమిస్తారు?

మీరు తెలుగింటి కోడలు. నరసాపురం వైపు పచ్చదనం చూసి రాష్ట్రమంతా అలాగే ఉంటుందని మీరనుకోరని నా నమ్మకం. మా కాలువల సంగతి చూడండి. గ్రాంటు లెక్క జిల్లా పేరుతో కాకుండా మండలాల వారీగా బయట పెట్టించండి. ఇవన్నీ టైము పట్టే పనులంటే సరే, హాస్టళ్ల డబ్బు మాత్రం ఏటా దసరాకే విడుదల చేయించండి. ఈ ఏడు పత్తికి పోయినవాళ్లు ఎలాగూ పోయారు. సంక్రాంతికి చాలామంది ఊరికొచ్చి మళ్లీ మిరప కోతలకు బండెక్కుతారు. పండగలోపు హాస్టల్ తెరిపిస్తే ఆ పిల్లల్ని ఆపే పూచీ మాది. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో మేం మాట్లాడుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కోసిగి మండలం, కర్నూలు జిల్లా