ఓటీపీ కోసమని తీసుకున్న ఫోన్ నంబర్‌ను వేరే పనికి వాడడంపై ఫిర్యాదు

మారతహళ్లి,
బెంగళూరు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో నాది ప్రైవేట్ అకౌంట్. లాగిన్ భద్రత కోసం, ఓటీపీ పంపడానికి అని మీరు అడిగితే నా ఫోన్ నంబర్ ఇచ్చాను. పోయిన నెలలో మా పాత ఇంటి బ్రోకర్ నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది. దాని వెనకే మెసేజ్: "మేడమ్, పాప పెద్దదైపోయిందే! ఇంత మంచి మిద్దె ఉన్న ఇల్లు ఎక్కడ దొరికింది?"

అడ్వాన్సు డబ్బుల దగ్గర ఆయనతో గొడవపడి ఇల్లు మారినవాళ్లం మేము. నన్నెలా కనుక్కున్నారని అడిగితే, "నేను వెతకలేదు, యాపే చూపించింది" అన్నారు. ఆ మాట నమ్ముతున్నాను. ఆయన ఫోన్‌లో నా నంబర్ ఉంది. తన కాంటాక్ట్స్ చూడడానికి ఆయన మీకు అనుమతి ఇచ్చారు. అందులోని నంబర్‌ను మీరు, నేను ఓటీపీకి ఇచ్చిన నంబర్‌తో జతచేసి, 'మీకు తెలిసినవారు కావచ్చు' అంటూ నన్ను ఆయనకు చూపించారు. నా ఫోన్‌లో కాంటాక్ట్స్‌కి నేను అనుమతి ఇవ్వనే లేదు. అయినా ఏం లాభం? నా నంబర్ ఉన్న ప్రతివాళ్లూ నా తరఫున అనుమతి ఇచ్చేసినట్టే అయింది.

ఈ ఊళ్లో అద్దెకుండేవాళ్ల నంబర్ బ్రోకర్ దగ్గరా, వాటర్ ట్యాంకర్ అతని దగ్గరా, పాత స్కూటీ కొన్నవాళ్ల దగ్గరా, గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లోనూ ఉంటుంది. ప్రైవేట్ అకౌంట్ అయినా ప్రొఫైల్ ఫొటో అందరికీ కనిపిస్తుంది. నా ఫొటోలో చామంతి కుండీల పక్కన మా పాప, వెనక మా అపార్ట్‌మెంట్ పేరు బోర్డు ఉన్నాయి. ఆ రోజు నుంచి పాపను కిందికి ఆడుకోవడానికి ఒంటరిగా పంపాలంటే టెన్షన్.

యాప్ తీసేయమంటారేమో, తీసేయను. కడపలో మా అమ్మ మనవరాలి వీడియో చూశాకే కాఫీ తాగుతుంది. మిద్దెతోట గ్రూపులో పరిచయమైన ఒకావిడ గోంగూర విత్తనాలు పట్టుకుని ఇంటికే వచ్చారు. చుట్టాలెవరూ లేని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఆ సంతోషం కావాలంటే నంబర్ వదులుకోవాలని షరతు పెట్టే హక్కు మీకు లేదు.

భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడినందుకు అమెరికాలో ట్విట్టర్ 2022లో 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. మన దగ్గర గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు ఈ బెంగళూరులోనే ఉండేవారు. ఏ పనికని సమాచారం అడిగారో ఆ పనికే వాడాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ ఉంది.

కాబట్టి నా నంబర్‌ను ఓటీపీకి తప్ప దేనికీ వాడకుండా ఆపండి. ఇప్పటిదాకా నా అకౌంట్‌ను ఎవరెవరికి చూపించారో రాతపూర్వకంగా తెలపండి. ఇంకొకరి కాంటాక్ట్స్ ద్వారా మమ్మల్ని చూపించే పద్ధతి, మేమే ఆన్ చేస్తే తప్ప పనిచేయకూడదు. ఆ సెట్టింగ్ తెలుగులో ఉండాలి, మా అమ్మ కూడా చదివి అర్థం చేసుకోగలగాలి.

ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని 2021 ఐటీ నిబంధనలు అంటున్నాయి. యాప్‌లో ముందు పెట్టిన ఫిర్యాదుకు ఒక హెల్ప్ పేజీ లింకు పంపి ఊరుకున్నారు. ఈసారీ అదే వస్తే కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేస్తాను. బ్రోకర్ మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ యాప్ వాడే ఒక తల్లి