పుట్టీ కొట్టే ముందు పగులు కొలవండి

సంపాదకుల వారికి,

పాత అపార్టుమెంట్లలో బీము పగిలితే పుట్టీ కొట్టి రంగేసేస్తున్నారు. ముందు ఆ పగులు పెరుగుతోందో లేదో తేల్చాలి. ప్లాస్టరు చెక్కేసి, కాంక్రీటు మీదే పగులుకు అడ్డంగా పలుచని గాజుముక్కను రెండు చివర్లా ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి తేదీ రాయాలి. గాజు విరిగితే పగులు కదులుతున్నట్టే. ప్లాస్టరు మీద అతికిస్తే తెలిసేది ప్లాస్టరు సంగతే!

బీము మధ్యలో, అడుగున నిలువుగా ఉన్నవి వంపు పగుళ్లు, అంటే బరువుకు బీము వంగడం వల్ల వచ్చేవి. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పగులు వెడల్పు మామూలుగా 0.3 మి.మీ., ఎప్పుడూ తడి తగిలేచోట 0.2 మి.మీ. దాటకూడదు. పగులు లోపలి ఇనుప కడ్డీ వెంబడే సాగితే ఆ కడ్డీకి తుప్పు పట్టినట్టు, పైపూత దండగ. పిల్లరు దగ్గర ఏటవాలు పగులైతే గాజు పెట్టి ఎదురుచూడొద్దు. షియర్ (అడ్డంగా కోసే బలం) దెబ్బకు బీము చెప్పకుండా కూలుతుంది. వెంటనే బీము కింద ఊతంగా జాకీలు నిలబెట్టి ఇంజనీరును పిలవాలి.

– ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు, విజయవాడ