సీపీయూ శాతం పట్టికకు రుజువు అడగండి

సంపాదకునికి,

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో, నగర శివారు ఇంజినీరింగ్ కళాశాలల్లో ఫ్రీఆర్‌టాస్ (చిన్న బోర్డుల్లో పలు పనులను సమయానికి నడిపే ఆపరేటింగ్ సిస్టం) ప్రాజెక్టులు చేసే విద్యార్థులు ఏ టాస్క్ (పని) ఎంత సీపీయూ వాడిందో నివేదికలో పట్టిక పెడుతుంటారు. ఆ శాతాలు ఎలా వచ్చాయని వైవాలో తప్పక అడగాలి. మోటారునో మందు పంపునో నడిపే బోర్డులో ఈ లెక్క తప్పితే, ఖాళీ ఉందనుకుని ఇంకో టాస్క్ ఎక్కిస్తారు. గడువులు తప్పుతాయి.

ముందు టాస్క్‌ల సమయం కొలిచే కౌంటర్ చూడాలి. 1 మిల్లీసెకను టిక్‌నే (టాస్క్‌లను మార్చేందుకు సిస్టం వాడే సమయపు అడుగు) గడియారంగా వాడితే, టిక్‌తో లేచి 300 మైక్రోసెకన్లు పనిచేసి నిద్రపోయే టాస్క్ ఎప్పుడూ సున్నాగానే కనిపిస్తుంది. అందుకే కౌంటర్ టిక్ కంటే కనీసం 10 రెట్లు వేగంగా ఉండాలి. వేగం పెంచితే మరో చిక్కు: 1 మెగాహెర్ట్జ్ దగ్గర 32 బిట్ల కౌంటర్ దాదాపు 71 నిమిషాల 35 సెకన్లకు మళ్లీ సున్నాకొస్తుంది. టాస్క్‌ల ఖాతాలు పెద్దవిగానే ఉంటాయి, భాగించే మొత్తం మాత్రం చిన్నదవుతుంది. దాంతో ఐడిల్ టాస్క్ (వేరే పనేమీ లేనప్పుడు నడిచేది) 100 శాతం దాటేస్తుంది. అరగంట డెమోలో ఇది బయటపడదు. కౌంటర్‌ను 64 బిట్లకు మార్చాలి, లేదా 10 సెకన్లకోసారి రీడింగులు తీసుకుని, ప్లస్-మైనస్ గుర్తులేని (అన్‌సైన్డ్) పూర్ణాంకాలుగా తేడా కట్టాలి.

కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్‌లోని సైకిల్ కౌంటర్ (ప్రాసెసర్ గడియారపు ఒక్కో సైకిల్‌ను లెక్కించేది) వాడేవారికి ఇంకో హెచ్చరిక. 168 మెగాహెర్ట్జ్ దగ్గర అది 25.6 సెకన్లకే చుట్టు తిరుగుతుంది. ఐడిల్ టాస్క్ ప్రాసెసర్‌ను నిద్రపుచ్చితే చాలా చిప్‌లలో ఆగిపోతుంది కూడా. ఖాళీ సమయం లెక్కలోంచి జారిపోయి మిగతా టాస్క్‌ల వాటా ఉబ్బుతుంది. డీబగ్గర్ (ప్రోగ్రాం లోపాలు వెతికే సాధనం) తగిలించి ఉన్నప్పుడు సరిగా కనిపించి, తీసేయగానే అంకెలు మారితే మొదట ఇక్కడే వెతకాలి.

అన్నిటికంటే మోసపుచ్చేది ఇంటరప్ట్, అంటే సంకేతం రాగానే నడుస్తున్న టాస్క్‌ను ఆపి మధ్యలో దూరే పని. దాని సమయం ఆ క్షణాన నడుస్తున్న టాస్క్ ఖాతాలో పడుతుంది. ఐడిల్ నడుస్తుండగా నెట్‌వర్క్ ఇంటరప్ట్‌లు ముంచెత్తితే, బోర్డు ఊపిరాడక ఉన్నా పట్టికలో తీరిగ్గా ఉన్నట్టే ఉంటుంది.

పరీక్ష కష్టం కాదు. ప్రతి 10 మిల్లీసెకన్లకు 2 మిల్లీసెకన్లు తిరిగే టాస్క్ ఒకటి అత్యధిక ప్రాధాన్యంతో పెట్టాలి. అది లోపలికి రాగానే బోర్డులో ఒక పిన్ వోల్టేజీ ఎత్తి, బయటికి పోగానే దించాలి. ఇంటరప్ట్‌లకు వేరే పిన్. లాజిక్ ఎనలైజర్‌లో (పిన్ ఎత్తుదించులను తరంగ చిత్రంగా చూపే పరికరం) 20 శాతం కనిపించాలి, పట్టికలోనూ అంతే ఉండాలి. తేడా ఉంటే ఇంటరప్ట్ పిన్‌తో పోల్చి చూడాలి. 32 బిట్ల కౌంటరైతే అది ఒకసారైనా చుట్టు తిరిగేదాకా పరీక్ష ఆపకూడదు.

ఆ తరంగ చిత్రం జతపరచని శాతాల పట్టికకు మార్కులు వేయవద్దని పరీక్షకులను కోరుతున్నాం.

— ఎంబెడెడ్ ఇంజినీర్లు,
కూకట్‌పల్లి, హైదరాబాద్