పులికాట్ యానాదుల మందుల జ్ఞానం ఎవరి ఖాతాలోకి?

సంపాదకుడు గారికి,

ఎర్రచందనం అమ్మకంలో జీవవైవిధ్య చట్టం కింద అటవీ శాఖకు, సాగు చేసిన రైతులకు వాటా అందుతోంది. సంతోషం. మూలికల జ్ఞానం ఉన్నవారికీ వాటా ఇవ్వాలని ఆ 2002 చట్టమే చెబుతోంది. ఆ సంగతి పులికాట్ ఒడ్డున ఉన్న ఎంతమంది యానాది గిరిజనులకు చేరింది?

కాకినాడ దగ్గరి కోరంగితో పోలిస్తే మా వైపు మడ అడవి చిన్నదే. అయినా కాలువ గట్ల మడ చెట్లు, శ్రీహరికోట అడవి కలిసి యానాదులకు తరతరాలుగా మందుల కొట్టు. రాకెట్ కేంద్రం వచ్చాక దీవిలో తిరిగే వీలు తగ్గింది. అడవికే పోని పిల్లలకు ఆకు పేరు చెప్పినా నిలవదు. మడ అడవుల్లో పెరిగే తిల్ల చెట్టునే చూడండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. తెలిసినవారు గాలివాలు చూసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని కొమ్మ విరుస్తారు. ఇది పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడే విద్య.

ఈ జ్ఞానాన్ని రాసిపెట్టడానికే పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు పెట్టారు. 2020 జనవరి ఆఖరుకల్లా అవి పూర్తి కావాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు విధించింది. గడువు తరుముతుంటే నింపిన కాగితాల్లో యానాది అవ్వల మాట ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2023 సవరణతో ఆయుర్వేదం వంటి ప్రామాణిక వైద్య గ్రంథాల్లోని జ్ఞానం వాడుకునే భారతీయులకు వాటా చెల్లించే బాధ్యత తప్పింది. యానాదులది నోటి విద్య కనుక వారి హక్కు ఇంకా మిగిలే ఉంది. రేపు ఎవరైనా కంపెనీవారు వస్తే ఆ హక్కుకు రిజిస్టరే ఆధారం.

నాటు మందులన్నీ అమృతమని నేను అనను. పాముకాటుకు ఈశ్వరి వేరు వాడే అలవాటు చాలాచోట్ల ఉంది. అందులోని ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని తేలింది. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే పోవాలి. పరీక్షించాల్సినవి పరీక్షించండి, కానీ చెప్పినవారి పేరు చెరిపేయకండి. కేరళలో 1987లో కాణి గిరిజనులు శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ అనే మొక్కను చూపించారు. దాని నుంచి చేసిన మందును 1995లో ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు, రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణీలకు దక్కేలా ఒప్పందం జరిగింది. ఆ పంపకంపై తగువులూ వచ్చాయి, నిజమే. మన దగ్గర తగువు పడటానికైనా ఒప్పందమంటూ ఉండాలి కదా!

జిల్లా కలెక్టర్ గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల రిజిస్టర్లను యానాది కాలనీల్లోనే, మందులు తెలిసిన పెద్దల ఎదుట చదివించి సరిదిద్దించండి. తిరుపతి ఆయుర్వేద కళాశాల, విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగాల విద్యార్థులను తోడు పంపండి. మందు చేసే పద్ధతిని మాత్రం వారు ఒప్పుకుంటేనే రాయాలి. ఆ పెద్దలకు ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. వలకు పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా