లంబసింగిలో 4 డిగ్రీలున్నా మంచు గడ్డకడుతుంది

సంపాదకులకు,

డిసెంబరు వచ్చిందంటే చాలు, లంబసింగిలో మంచు కురిసిందని పేపర్లన్నీ ఫొటోలు వేస్తాయి, మీరూ వేస్తారు. ఫొటోలు బాగుంటాయి, కాదనను. కానీ గడ్డి మీద, బైకు సీట్ల మీద కనిపించే ఆ తెల్లటి పొర పైనుంచి కురిసింది కాదు. మబ్బూ గాలీ లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది, ఆకులు సున్నా డిగ్రీల కంటే చల్లబడతాయి, అప్పుడు గాలిలోని తేమ నీరుగా మారకుండానే ఆకుల మీద మంచు పలుకులై పేరుకుంటుంది.

మరి లంబసింగికి దగ్గర్లోని చింతపల్లిలో 4 డిగ్రీలని రాసి పక్కనే గడ్డకట్టిన మంచు ఫొటో వేస్తే చదివేవాళ్లకి అనుమానం రాదా? నిజానికి రెండూ సరైనవే. వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేల మీద పెట్టరు, సుమారు 4 అడుగుల ఎత్తున గాలాడే తెల్లటి పెట్టెలో ఉంటుంది. అలాంటి రాత్రుల్లో నేలని ఆనుకున్న గడ్డి, నారు అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే చల్లబడతాయి. పైగా చల్లగాలి బరువు కాబట్టి కొండవాలు నుంచి జారి పల్లంలో నిలుస్తుంది, అందుకే మెరక చేను బాగానే ఉండి పల్లపు చేను దెబ్బతింటుంది.

ఈ సంగతి రైతుకి తెలియాలి. పేపర్లో 4 చూసి పర్లేదనుకుంటే స్ట్రాబెర్రీ పూత, కూరగాయల నారు తెల్లారేసరికి పోవచ్చు. గాలి బాగా పొడిగా ఉంటే ఇంకా టెన్షన్, ఎందుకంటే తెల్లపొర కనపడదు గానీ ఆకు లోపలి నీరు గడ్డకట్టి, ఎండెక్కాక ఆకు నల్లబడుతుంది. 1975 జులైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో కాఫీ తోటలు ఇలాగే మాడిపోయాయి, అక్కడివాళ్లు దాన్ని నల్ల మంచు అనే అంటారు, ప్రపంచమంతా కాఫీ ధర పెరిగింది. మన మన్యంలో కాఫీకి సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు దుప్పటిలా కాస్త అడ్డం ఉంటాయి. ఆరుబయట పంటకి ఆ అడ్డు ఏదీ?

అందుకే నా విన్నపం. చలికాలమంతా ఉష్ణోగ్రతల పట్టీలో ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుందా, గాలి ఉంటుందా అన్నది కూడా వేయండి. మంచు గడ్డకట్టే అవకాశం ఉంటే సాయంత్రమే తేలికపాటి తడి ఇవ్వమని (తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది), నారుమడి మీద గడ్డి గానీ గుడ్డ గానీ కప్పి ఎండొచ్చాక తీసేయమని రెండు లైన్లు చేర్చండి. ప్లాస్టిక్ షీటు కప్పేవాళ్లు ఆకులకి తగలకుండా ఎత్తుగా కట్టాలి, తగిలిన చోట ఆకు మాడుతుంది.

ఒక పాఠకురాలు,
నర్సీపట్నం