తాళ్లరేవు నుంచి మా పడవ కిట్లు తీసుకున్నవారికి

ఇంటి పెరట్లో సొంతంగా తెరచాప పడవ కట్టుకోవడానికి మా 12 అడుగుల కిట్టు తీసుకున్నవారికీ, డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారికీ ఈ సంగతి నేనే చెప్పాలి. ఈసారి వచ్చిన 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పడవకు పనికిరాదు. అందువల్ల కొత్త కిట్లు రెండు నెలలు ఆలస్యమవుతాయి.

ప్రతి షీటు మీదా ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉంది. ఆ ముద్రకు అర్థం, 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరల జిగురు విడిపోకూడదని. లోడు దిగగానే జానెడు ముక్క కోసి కాగులో మరిగించి చూడటం మా అలవాటు. ఈసారి ఆర్డర్ల తొందరలో ఆ పని చేయకుండానే ఏడు కిట్లు పంపించాను, ఆ తప్పు నాది. తర్వాత మరిగిస్తే, తెల్లవారేసరికి పై పొర అట్టలా లేచి వచ్చింది, మధ్య పొర అతుకుల్లో గోరు దూరేంత సందులు కనిపించాయి.

పదేళ్లుగా సరుకు ఇస్తున్న వ్యాపారి, "పైన ఎపాక్సీ జిగురు, గాజు గుడ్డ వేస్తారు కదా, లోపలిది ఎవరు చూస్తారు?" అన్నారు. సగం ధరకు ఇస్తానని కూడా అన్నారు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ సరుకుకు నేను కట్టిన డబ్బు చిన్నది కాదు, పలకలను రాగి తీగతో కుట్టి ఎపాక్సీ పూశాక లోపం నిజంగానే కనబడదు. కానీ ఇసుక మేటకు అడుగు గీరుకుని పూత లేచిన చోట నీరు దిగితే, ఆ సందుల వెంట పాకి పొరలను లోపలినుంచే కుళ్లబెడుతుంది. గౌతమి నడిమధ్య గాలికి తెరచాప నిండి ఉన్నప్పుడు ఆ అడుగు విచ్చుకుంటే, పడవలో ఉండేది మీరూ మీ పిల్లలూ. మా తాతగారు ఈ ఊళ్లోనే పడవల సందుల్లో దూది కూరి గుగ్గిలం పట్టించేవారు; ఆయన పనికి వచ్చిన పేరును నా చేతులతో పోగొట్టలేను. మిగిలిన సరుకు మొత్తం తిప్పి పంపాను, ఆ వ్యాపారి ప్లైవుడ్ ఇక మా షెడ్డులోకి రాదు.

ఆ ఏడుగురూ దయచేసి పని ఆపండి. కొత్త పలకలు మా ఖర్చుతో వస్తాయి. ఇప్పటికే అతికించి ఉంటే ఎపాక్సీ, గాజు గుడ్డ కూడా మళ్లీ పంపుతాను. టేకు వెన్నుకొయ్య, స్తంభం, చుక్కాని, తెరచాప బాగానే ఉన్నాయి. ధర పెంచను, ఆగలేనివారికి పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను.

మరిగించిన ముక్కలను షెడ్డు గుమ్మం పక్క బల్ల మీద ఉంచాను. ఎవరైనా వచ్చి చేత్తో విడదీసి చూడవచ్చు.